వెయ్యి మంది అబ్బాయిలకు ఎంతమంది అమ్మాయిలు?
పెళ్లి సంబంధాల్లో 'కండిషన్లు' ఎక్కడి నుంచి వస్తాయో చెప్పే లెక్క

ఈ మధ్య ఏ ఊళ్లో శుభకార్యానికి వెళ్లినా భోజనాల దగ్గర ఒక మాట వినిపిస్తోంది. 'అబ్బాయికి ముప్పై దాటాయండీ, ఇంకా సంబంధం కుదర్లేదు' అని. ఒక తరం కిందట ఇదే దిగులు ఆడపిల్లల తల్లిదండ్రులది. సంబంధాల కోసం చెప్పులు అరిగేలా తిరిగింది వాళ్లే. ఇప్పుడు అయిదెకరాల మాగాణి ఉన్న రైతు కూడా కొడుకు బయోడేటా పట్టుకుని పెళ్లిళ్ల పేరయ్య చుట్టూ తిరుగుతున్నాడు. 'అమ్మాయిలకు కోరికలు ఎక్కువైపోయాయి' అని పెద్దలు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. 'హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉండాలట, గవర్నమెంట్ జాబ్ ఉండాలట, అత్తామామలు ఊళ్లోనే ఉండాలట' అని నవ్వుకుంటారు కూడా.

కోరికలు ఊరికే పెరగవు. ఎవరు ఎక్కువ మంది ఉన్నారు, ఎవరు తక్కువ మంది ఉన్నారు అన్నదానికీ, ఎవరు ఎన్ని షరతులు పెట్టగలరు అన్నదానికీ దగ్గరి సంబంధం ఉంది. ఉద్యోగం వేటలో ఉన్న మీకు ఈ సంగతి ఎందుకంటారా? మీరు ఏ నోటిఫికేషన్ కోసం చదవాలో, వచ్చిన ఆఫర్ లెటర్‌ని ఏం చేయాలో మీ ఇంట్లో జరిగే చర్చలో ఈ లెక్క చాలాసార్లు కనపడకుండా కూర్చునే ఉంటుంది కాబట్టి.

కొరత ఎటు ఉంటే..

స్త్రీ పురుషుల నిష్పత్తి మారితే ప్రేమలు, పెళ్లిళ్లు, కుటుంబాలు ఎలా మారతాయో గట్టిగా చర్చకు పెట్టిన పుస్తకం 'టూ మెనీ విమెన్?' అమెరికాకు చెందిన మార్షా గుటెన్‌టాగ్ దీని పని మొదలుపెట్టి 1977లో చనిపోతే, ఆమె భర్త పాల్ సెకార్డ్ పూర్తిచేసి 1983లో బయటికి తెచ్చారు. అందులోని వాదన సులువుగానే అర్థమవుతుంది. ఏ పక్షం వాళ్లు తక్కువ మంది ఉంటే వాళ్లకు ఎంపిక ఎక్కువ. నచ్చకపోతే మరొకరిని చూసుకోవచ్చు కాబట్టి షరతులు పెట్టగలరు. రెండో పక్షం వాళ్లు తమ షరతులు తగ్గించుకోవాలి, లేదంటే తమ 'ప్రొఫైల్' పెంచుకోవాలి.

ఇక్కడిదాకా ఇది కూరగాయల మార్కెట్ సూత్రమే. ఆ పుస్తకంలో అసలు విషయం దీని తర్వాత వస్తుంది. ఆడవాళ్లు తక్కువగా ఉన్న సమాజాల్లో వాళ్లకు విలువ పెరుగుతుంది నిజమే, కానీ స్వేచ్ఛ పెరుగుతుందన్న గ్యారంటీ లేదు. కుటుంబం, చట్టం, డబ్బు మగవాళ్ల చేతిలో ఉంటే, కొరతగా ఉన్న అమ్మాయిని బంగారంలాగే చూస్తారు. బంగారాన్ని ఎక్కడ పెడతామో మీకు తెలుసు కదా. బీరువాలో!

యుద్ధం మార్చిన పెళ్లిళ్లు

ఈ లెక్కను పరీక్షించడం కష్టం. ప్రయోగం కోసం ఊళ్లోంచి మగవాళ్లను తీసేయలేం కదా. చరిత్ర మాత్రం ఒకసారి ఆ పని చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ 13 లక్షల మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పెళ్లీడు కుర్రాళ్లు. అన్ని ప్రాంతాల్లోనూ నష్టం ఒకేలా లేదు. కొన్ని జిల్లాల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ.

రాన్ అబ్రమిట్జ్‌కీ, అడెలిన్ డెలావండ్, లూయిస్ వాస్కొన్‌సెలోస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ తేడాను పట్టుకుని యుద్ధానికి ముందు, తర్వాత జరిగిన పెళ్లిళ్లను పోల్చారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, మగవాళ్లు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాల్లో బతికి వచ్చినవాళ్లు తమకంటే కింది సామాజిక వర్గం అమ్మాయిల్ని చేసుకోవడం తగ్గింది. మామూలు రోజుల్లో అయితే తలుపు దగ్గరే ఆగిపోయే కుర్రాడికి ఇప్పుడు పై మెట్టు ఇంటి అమ్మాయి దొరుకుతోందన్నమాట. భార్యాభర్తల వయసు తేడా తగ్గింది. పెళ్లి కాకుండా పుట్టిన పిల్లల సంఖ్య పెరిగింది.

నాలుగేళ్లలో ఫ్రెంచి అమ్మాయిల మనసులు మారిపోయాయా? అలా అనిపించదు. వాళ్ల ఇష్టాలు అవే అయివుంటాయి. వాటిని పట్టుబట్టి సాధించుకునే బలం పోయింది. మనం 'అభిరుచి' అని పిలిచేదాంట్లో కొంత భాగం బేరం పెట్టే శక్తి మాత్రమేనని నాకు ఈ ఉదాహరణ చూశాకే బాగా అర్థమైంది.

ఇప్పుడు మీ బ్యాచ్ లెక్క

సెన్సస్ 2011 ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మంది పురుషులకు 993 మంది స్త్రీలు. చూడగానే 'అబ్బే, మన దగ్గర సమస్యే లేదు' అనిపిస్తుంది. కానీ ఈ 993లో మన అమ్మమ్మలు, నానమ్మలు కూడా ఉన్నారు. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి మొత్తం అంకె అందంగా కనిపిస్తుంది. పెళ్లిళ్ల లెక్కకు పనికొచ్చేది పిల్లల నిష్పత్తి. ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలు ఉంటే, 2011కి 939కి పడిపోయారు. ఆ 2011 లెక్కలో ఆరేళ్ల లోపు పిల్లలు ఎవరనుకున్నారు? ఈ పేజీ చదువుతున్న చాలామంది డిగ్రీ, బీటెక్ విద్యార్థులే.

సహజంగానే ప్రతి 100 మంది ఆడపిల్లలకు దాదాపు 105 మంది మగపిల్లలు పుడతారు. అంటే వెయ్యికి 950 దాకా ఉంటే కంగారేం లేదు. 939 అన్నది దానికంటే కొంచెం తక్కువ. హరియాణా (834), పంజాబ్ (846) స్థాయి కాదు. మరి మన దగ్గర సంబంధాల కరువు ఇంతలా ఎందుకు కనిపిస్తోంది?

ఇక్కడే చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది. మన దగ్గర అబ్బాయి సాధారణంగా తనకంటే మూడు, నాలుగేళ్లు చిన్నదాన్ని చేసుకుంటాడు. అంటే 2000లో పుట్టిన అబ్బాయిలు 2004లో పుట్టిన అమ్మాయిల కోసం వెతుకుతారు. జనాభా పెరుగుతున్న రోజుల్లో ఏటా పుట్టే పిల్లలు ఎక్కువ. కాబట్టి నాలుగేళ్ల తర్వాత పుట్టిన ఆడపిల్లల సంఖ్య ముందు పుట్టిన మగపిల్లల్ని అందుకునేది, కొన్నిసార్లు దాటేది. ఇప్పుడు అది తిరగబడింది. కుటుంబ నియంత్రణలో తెలుగు నేల ముందుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక మహిళకు పుట్టే పిల్లలు 1992-93లో 2.6 ఉంటే, 2005-06కి 1.8కి దిగిపోయారు. 2001 సెన్సస్‌లో కోటి దాటిన ఆరేళ్ల లోపు పిల్లల సంఖ్య 2011కి కోటి లోపుకి వచ్చేసింది.

కాగితం మీద వేసి చూడండి. ఒక ప్రాంతంలో ఒక ఏడాది వెయ్యి మంది మగపిల్లలు, 950 మంది ఆడపిల్లలు పుట్టారనుకుందాం. పుట్టుకలు ఏటా 2 శాతం పెరుగుతుంటే, నాలుగేళ్ల తర్వాత పుట్టే ఆడపిల్లలు 1028 మంది. అదే ఏటా 2 శాతం తగ్గుతుంటే 876 మందే. ఒక్క భ్రూణహత్య కూడా జరక్కుండానే, కేవలం వయసు తేడా అనే ఆచారం వల్ల వెయ్యి మందిలో 124 మంది అబ్బాయిలకు జత తగ్గింది. ఎనిమిది మందిలో ఒకరికి!

కట్నాలు విపరీతంగా పెరిగిన కాలానికి కూడా జనాభా శాస్త్రవేత్తలు కొందరు ఈ లెక్కనే ఒక కారణంగా చూపించారు. వరుళ్ల వయసుకు తగ్గ వధువులు ఎక్కువై, ఆడపిల్ల తల్లిదండ్రులు పోటీ పడాల్సి వచ్చిందని. దీన్ని అందరూ ఒప్పుకోరు. కట్నానికి ఆస్తి, కులం, చదువు లాంటి వేళ్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు సంబంధాలు దొరకడం లేదంటూనే కట్నం మాత్రం అడుగుతున్నారంటే, ఒక్క సంఖ్యతో అంతా తేలదని అర్థమవుతూనే ఉంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా, చట్టం చేయలేని పని లెక్కా చేయలేకపోయింది.

వెనక్కి వెళ్తే మన దగ్గరే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 1892లో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం' మనకు స్కూల్లోనే పరిచయం. అందులో డబ్బిచ్చి పిల్లను తెచ్చుకునేది మగవాళ్లే. అప్పుడు ఆడపిల్లలు తక్కువ మంది పుట్టారా? ఆచారం వల్ల కొరత ఏర్పడిందని నేననుకుంటాను. భార్య పోయిన ముసలాడు మళ్లీ పెళ్లికి సిద్ధం. భర్త పోయిన పదేళ్ల పిల్లకు మాత్రం మళ్లీ పెళ్లి లేదు. వరుల వైపు క్యూ పెరుగుతూనే ఉంటుంది, వధువుల వైపు క్యూ తరుగుతూనే ఉంటుంది. ఆ కొరత వల్ల లాభపడింది ఎవరు? శుల్కం తీసుకున్న తండ్రి. ఆ పిల్ల కాదు.

చైనాలో ఇల్లు.. అమెరికాలో జీతం

అబ్బాయిలు ఎక్కువైతే వాళ్లు ఏం చేస్తారన్నదానికి పెద్ద ఉదాహరణ చైనా. 2020 జనగణనలో అక్కడ స్త్రీల కంటే పురుషులు దాదాపు మూడున్నర కోట్ల మంది ఎక్కువ తేలారు. షాంగ్-జిన్ వెయ్, షియావోబో ఝాంగ్ అనే ఆర్థికవేత్తలు 2011లో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. చైనా కుటుంబాలు ఆదాయంలో అంత పెద్ద వాటా ఎందుకు పొదుపు చేస్తాయన్నది అప్పట్లో అందరి ప్రశ్న. వీళ్ల లెక్కలో 1990 నుంచి 2007 మధ్య పెరిగిన గృహ పొదుపులో సుమారు సగం పెళ్లి పోటీతో ముడిపడి ఉంది. కొడుకున్న ఇల్లు, అందులోనూ అబ్బాయిలు మరీ ఎక్కువగా ఉన్న ప్రాంతంలోని ఇల్లు, కడుపు కట్టుకుని దాచింది. అబ్బాయి పేరు మీద ఇల్లు ఉంటేనే సంబంధం! ఈ పోటీలో లేనివాళ్లు కూడా ఆ ధరల భారం మోయాల్సి వచ్చింది.

అమెరికాలో మరో కథ. 20వ శతాబ్దం మొదట్లో అక్కడికి వలస వెళ్లినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. వాళ్ల పిల్లలు చాలావరకు తమ దేశం నుంచి వచ్చినవాళ్లలోనే పెళ్లి చేసుకునేవారు. అచ్చం ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లలో చాలామంది తెలుగు మ్యాట్రిమోనీలోనే వెతుక్కున్నట్టు. 2021లో నోబెల్ అందుకున్న జాషువా యాంగ్రిస్ట్ ఆ రెండో తరం మీద 2002లో అధ్యయనం ప్రచురించారు. తమ సమూహంలో అబ్బాయిలు ఎక్కువగా ఉన్నచోట అమ్మాయిలకు పెళ్లిళ్లు ఎక్కువగా జరిగాయి, అబ్బాయిల సంపాదన మెరుగ్గా ఉంది. కానీ అమ్మాయిలు ఉద్యోగం చేయడం బాగా తగ్గింది.

ఆ చివరి వాక్యం అమ్మాయిలు ఇంకోసారి చదవండి. డిమాండ్ పెరిగితే మన మాట చెల్లుతుందని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది 'మంచి సంబంధం వచ్చింది, ఇక జాబ్ ఎందుకమ్మా' అనడం. ఫైనలియర్‌లో ఉండగానే సంబంధాలు చూడటం మొదలుపెట్టిన ఇళ్లలో ఈ మాట కొత్తేం కాదు.

గుర్రాలెక్కి కలెక్టరేట్‌కి

కొరత ముదిరితే ఎలా ఉంటుందో హరియాణా చూపించింది. 2014 ఎన్నికల ముందు జీంద్ జిల్లాలో పెళ్లికాని యువకులు సంఘం పెట్టి 'కోడల్ని ఇప్పించండి, ఓటు పట్టుకెళ్లండి' అని నాయకుల్ని అడిగారు. అక్కడ అస్సాం, బెంగాల్, బిహార్ లాంటి రాష్ట్రాల నుంచి డబ్బిచ్చి తెచ్చుకున్న వధువుల్ని 'పారో', 'మోల్కీ' అని పిలుస్తారు. మోల్కీ అంటే కొనుక్కొచ్చినది అని. ఆడపిల్లలు అంత అరుదైన చోట కూడా, తెచ్చుకున్న పిల్లకు దక్కిన పేరు అది. 2023లో ఆ రాష్ట్ర ప్రభుత్వం 45-60 ఏళ్ల మధ్య వయసుండి, ఆదాయం తక్కువగా ఉన్న అవివాహితులకు నెలకు రూ.2,750 పింఛన్ కూడా ప్రకటించింది.

దక్షిణం వైపు వద్దాం. 2022 డిసెంబర్‌లో మహారాష్ట్రలోని సోలాపూర్‌లో యువకులు పెళ్లికొడుకుల్లా ముస్తాబై, గుర్రాలెక్కి కలెక్టరేట్‌కి ఊరేగింపుగా వెళ్లారు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టాన్ని గట్టిగా అమలు చేయాలన్నది వాళ్ల డిమాండ్. రెండు నెలలకే కర్ణాటకలోని మండ్య ప్రాంతం నుంచి పెళ్లికాని యువ రైతులు వధువు దొరకాలని మలెమహదేశ్వర కొండకు పాదయాత్ర చేశారు. టీవీలో చూసి నవ్వుకున్నాం. వాళ్లలో చాలామంది కాలవ కింద పొలం ఉన్నవాళ్లే. అమ్మాయిలు లేకపోవడం ఒక్కటే వాళ్ల కష్టం కాదు. ఉన్న అమ్మాయిలు చదువుకుని, వ్యవసాయం చేసే ఇంటికి రామంటున్నారు. ఎందుకు రామంటున్నారో పొలం పనీ, పశువుల పనీ, వంట పనీ ఒకే మనిషి చేసే ఇళ్లను చూసినవాళ్లకి వివరంగా చెప్పక్కర్లేదు.

ఒకే ఊళ్లో రెండు కొరతలు

అసలు చిక్కుముడి ఇదే. 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో కాలేజీల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో అమ్మాయిలు 2.07 కోట్లు. జనాభాలో వాళ్ల వాటాను బట్టి చూస్తే, కాలేజీకి వెళ్లే రేటు అమ్మాయిల్లోనే (28.5 శాతం) అబ్బాయిల కంటే (28.3 శాతం) కాస్త ఎక్కువ. చదువులో అమ్మాయిలు అందుకున్నారు. పెళ్లి నియమం మాత్రం తాతల నాటిదే: అబ్బాయి చదువులోనూ జీతంలోనూ ఒక మెట్టు పైన ఉండాలి.

ఈ నియమాన్ని అలాగే ఉంచి సంబంధాలు కలపండి. పీజీ చేసిన అమ్మాయికి, ఆమె కంటే 'పైన' ఉన్న అబ్బాయిలు అదే కులంలో, అదే వయసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇంటర్‌తో ఆపేసి ట్రాక్టర్ నడుపుకొంటున్న అబ్బాయికి, అతని కంటే 'కింద' ఉన్న అమ్మాయిలే లేరు. ఒకే వీధిలో ఆమెకు అబ్బాయిల కరువు, అతనికి అమ్మాయిల కరువు. ఇద్దరి తల్లిదండ్రులూ కాలాన్నే తిడుతుంటారు. కులం, శాఖ, గోత్రం, జాతకం అని ఒక్కో ఫిల్టర్ పెట్టేకొద్దీ రాష్ట్రమంత జనాభా కూడా చిన్న తరగతి గదిలా అయిపోతుంది. మ్యాట్రిమోనీ సైట్‌లో ఫిల్టర్లు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ప్రొఫైళ్ల సంఖ్య ఎలా మారుతుందో ఎప్పుడైనా సరదాకి చూడండి.

క్యాంపస్‌లో కూడా ఇదే చిన్న సైజులో కనిపిస్తుంది. అమెరికాలో జెరెమీ ఉకర్, మార్క్ రెగ్నెరస్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమ్మాయిలు ఎక్కువగా ఉన్న కాలేజీల్లో అమ్మాయిలకు అబ్బాయిల మీద నమ్మకం తక్కువగా ఉంది, పద్ధతిగా సాగే డేటింగ్ కూడా తక్కువే. అబ్బాయిలకు ఛాయిస్ ఎక్కువైతే సీరియస్‌నెస్ తగ్గుతుందన్నమాట. మన మెకానికల్ బ్రాంచ్‌లో సీన్ రివర్స్. అరవై మందిలో నలుగురైదుగురు అమ్మాయిలుంటే, వాళ్లు ఏ రంగు డ్రెస్ వేసుకున్నా క్లాసంతా చర్చే. ఆ శ్రద్ధను హోదా అనుకోవాలో కాపలా అనుకోవాలో ఆ నలుగుర్నే అడగాలి. 2018లో ఐఐటీలు అమ్మాయిల కోసం అదనపు సీట్లు మొదలుపెట్టి, వాళ్ల వాటా 20 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నాయి. అవకాశాలు పెంచడం కోసమే అయినా, క్లాసులో ఒంటరితనాన్ని కూడా అది కొంత తగ్గించి ఉంటుంది.

జాబ్ ఎవరి కోసం?

మళ్లీ ఉద్యోగం దగ్గరికి వద్దాం. అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో నాలుగో ఏడాది, అయిదో ఏడాది గ్రూప్స్‌కి చదువుతున్న అబ్బాయిల్ని కదిపితే, సర్వీస్ మీద ఇష్టంతో పాటు 'జాబ్ వస్తేనే సంబంధం' అన్న మాట కూడా వస్తుంది. అందులో నిజం లేకపోలేదు. పోటీ పెరిగినప్పుడు కంటికి కనిపించే గుర్తులకే విలువ పెరుగుతుంది. ఐడీ కార్డు, వీసా స్టాంపు, ఫ్లాట్ కాగితాలు. పనిలో నైపుణ్యం, మనిషి తీరు బయోడేటాలో పట్టవు. అందుకే పదిమందిని పెట్టి పౌల్ట్రీ నడుపుతున్న కుర్రాడి కంటే చిన్న జీతంతో పర్మినెంట్ పోస్టులో ఉన్న కుర్రాడు ముందు వరసలో నిలబడుతున్నాడు. ఇది అన్యాయమే. కానీ ఆ వరస కోసమే మీకు ఇష్టంలేని పరీక్షకు అయిదేళ్లు పెడితే, ముప్పై దాటాక అదే వరసలో మీ స్థానం ఇంకా వెనక్కి వెళ్తుంది. ప్లాన్ బీ లేకుండా ఎన్ని అటెంప్ట్‌లు ఇస్తారో ఇంట్లో ముందే చెప్పేయడం మంచిది.

ఇంకో జాగ్రత్త. అబ్బాయిలు ఎక్కువగా ఉన్నారన్న భావన కలిగితే మగవాళ్లు పొదుపు తగ్గించి, అప్పు చేసైనా ఖర్చు పెట్టడానికి మొగ్గుతారని అమెరికాలో వ్లాదస్ గ్రిష్కెవిసియస్ బృందం 2012లో ప్రయోగాల ద్వారా చెప్పింది. ల్యాబ్‌లో తేలిందంతా బయట అలాగే జరగాలని లేదు. అయితే మొదటి జీతం రాకముందే బండికీ ఫోన్‌కీ ఈఎంఐలు కట్టే దోస్తులు మీకూ ఉండే ఉంటారు.

అమ్మాయిల విషయానికొస్తే, ఇప్పుడున్న గిరాకీని వాడుకోవాల్సింది నగల బరువు మీద కాదు. పెళ్లిచూపుల్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. జాయినింగ్ పుణెలోనో చెన్నైలోనో వస్తే ఎవరు మారతారు? జీతం ఎవరి అకౌంట్‌లో ఉంటుంది? పిల్లలు పుట్టాక కెరీర్‌కి విరామం వస్తే అది ఎవరిది? ఈ ప్రశ్నలు అడిగితే 'పిల్లకి నోరెక్కువ' అని ఒకటి రెండు సంబంధాలు పోవచ్చు. వెయ్యికి 939 మంది ఉన్న తరంలో మీరు భరించగలిగిన నష్టమే అది. అబ్బాయిలు కూడా ఇవే ప్రశ్నలకు జవాబు ముందే ఆలోచించి పెట్టుకుంటే, తాము అర్హులం కాదనుకున్న సంబంధాలు కొన్ని కుదరొచ్చు. వంట వచ్చిన అబ్బాయి ప్రొఫైల్‌కి ప్యాకేజీలో రెండు లక్షలు తగ్గినా నడుస్తుందని ఓ మ్యారేజ్ బ్యూరో నిర్వాహకురాలు నవ్వుతూ చెప్పారు. ఆమె నవ్వింది కానీ, మాట మాత్రం సీరియస్‌గానే చెప్పారనిపించింది.

2011 తర్వాత దేశంలో మళ్లీ తలలు లెక్కించలేదు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టారు. 2011లో అమ్మ ఒళ్లో కూర్చుని లెక్కకెక్కిన పిల్లలు ఈసారి వయసు, చదువు, వృత్తి, వైవాహిక స్థితి అన్న గడులకు జవాబులు తామే చెబుతారు.